ముందు బ్యారేజీ, తర్వాతే బొమ్మ

చిన్నపిల్లలను మ్యూజియానికి తీసుకువెళ్ళేవారు సాధారణంగా ఏం చేస్తారంటే, టికెట్లు కొని తిన్నగా లోపలికి నడిపించి, ప్రతి అద్దాల పెట్టె ముందూ ఆపి, కింద రాసినదంతా చదివి వినిపిస్తారు. మూడో పెట్టె దగ్గరికి వచ్చేసరికి చిన్నవాళ్ళు నేల మీద చతికిలబడతారు. నాలుగో దాని దగ్గర దాహం వేస్తుంది. ఐదో దాని దగ్గర ఇంటికి వెళ్దామంటారు. తప్పు పిల్లలది కాదు. తాము ఎన్నడూ చూడని వస్తువు తాలూకు నమూనాను చూసి ఆశ్చర్యపడమంటే వాళ్ళు మాత్రం ఎలా ఆశ్చర్యపడతారు?

అందుకే దసరా సెలవుల్లో ధవళేశ్వరంలో, గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరు మీదున్న మ్యూజియానికి వెళ్దామన్నప్పుడు నేను ఒక్క విషయంలో పట్టుబట్టాను. ముందు బ్యారేజీ మీద పిల్లలను నడిపించాలి, ఆ తర్వాతే మ్యూజియం. మా ఆయన ఎండెక్కుతుందని గొణిగారు. మామయ్యగారు నా పక్షం వహించారు కాబట్టి నా మాటే నెగ్గింది. మా ఇంట్లో గోదావరి గురించి ఏ తగవు వచ్చినా తీర్పు ఆయనదే. ఆయన తమ్ముడు ఇరిగేషన్‌లో, కాలువ గట్లు, గేట్లు చూసుకునే లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ అన్నదమ్ములిద్దరూ కూర్చుంటే క్యూసెక్కుల్లోనే మాట్లాడుకుంటారు.

మాది ఆత్రేయపురం దగ్గర, కాలువ గట్టు మీది ఊరు. లొల్ల లాకులు మా పిల్లలకు బడికి వెళ్ళే దారిలోనే ఉంటాయి. వేసవిలో కాలువలు కట్టేస్తే అడుగున బురదలో ఆడతారు, జూన్‌లో నీళ్ళు వదిలారని తెలిస్తే గట్టు మీదకు పరుగెత్తుతారు. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయని మా చిన్నవాణ్ణి అడిగితే మాత్రం ‘లాకుల్లోంచి’ అంటాడు. వాడు ఎల్‌కేజీ. పెద్దది రెండో తరగతి. వీళ్ళకు తోడు హైదరాబాదు నుంచి వచ్చిన మా ఆడపడుచు కొడుకు, నాలుగో తరగతి. వాడికి సాలార్‌జంగ్ మ్యూజియం చూసిన అనుభవం ఉంది. అక్కడి గడియారంలోంచి గంట గంటకూ ఒక బుల్లి మనిషి బయటికి వచ్చి గంట కొట్టి వెళ్తాడని, అది చూడటానికి జనమంతా ముందే వచ్చి కూర్చుంటారని ఆటోలో మావాళ్ళకు కథలు కథలుగా చెప్పాడు. ‘మీ మ్యూజియంలో అలాంటిది ఉందా అత్తయ్యా?’ అని అడిగాడు. లేదన్నాను. వాడి ముఖంలో మా జిల్లా పట్ల జాలి కనిపించింది.

బొబ్బర్లంక దగ్గర దిగి బ్యారేజీ ఎక్కాం. మనం ఆనకట్ట అని ఏకవచనంలో అంటాం గానీ అది నిజానికి నాలుగు ముక్కలు. గోదావరి మధ్యలో లంకలు ఉండటంతో ఒక్కో పాయకు ఒక్కో ముక్క కట్టారు. ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39. మొత్తం 175. మేము నడిచింది ర్యాలి పాయ మీద. పెద్దది వేలు చూపిస్తూ గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ముప్పైల్లో ఉండగా చిన్నవాడు ‘అదిగో పడవ’ అన్నాడు, లెక్క తప్పింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలు. చివరికి మామయ్యగారు 43 అని చెప్పేసినా ఒప్పుకోలేదు, తాను లెక్కపెడితేనే నిజమట.

వాళ్ళను అక్కడ కట్టిపడేసింది గేట్లు కూడా కాదు, రెండు వైపులా ఉన్న నీళ్ళ తేడా. ఎగువన గోదావరి నిండుగా, కదులుతున్నట్టే లేకుండా, పిట్టగోడకు ఆనుకున్నంత దగ్గరగా కనిపిస్తుంది. రోడ్డు దాటి ఇటువైపు వచ్చి చూస్తే ఎక్కడో కింద, నురగలు కక్కుతూ, రాళ్ళ మధ్య నుంచి హోరున పోతుంది. ఒకే నది. ముగ్గురూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూనే ఉన్నారు. వాహనాలకు అడ్డం పడకుండా పట్టుకోవడమే మా పని. నదిని ఎందుకు ఆపారని పెద్దది అడిగింది. ఆపలేదమ్మా, ఎత్తు పెంచారు అన్నారు మామయ్యగారు. నీళ్ళు ఎత్తున నిలబడితే వాటంతట అవే కాలువల్లోకి దిగుతాయి, మోటారు అక్కర్లేదు. మూడు డెల్టాలకూ, సుమారు పది లక్షల ఎకరాలకు నీరు పారే రహస్యం అంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. నేను బడిలో చదువుకున్న పాఠంలో ఇది ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

పులస గురించి కూడా చెప్పారు. సముద్రం నుంచి వరదకు ఎదురీదుతూ వచ్చే చేపకు ఇదే ఆఖరి మజిలీ అని. ఆ చెప్పడంలో చేప మీద సానుభూతి కన్నా పులుసు మీద మమకారమే ఎక్కువ వినిపించింది.

తర్వాత ఆటోలో పిచ్చుకలంక మీదుగా ధవళేశ్వరం వైపు వెళ్ళాం. గుర్రం మీద కూర్చున్న కాటన్ దొర విగ్రహం దగ్గర ఆగక తప్పలేదు. మా చిన్నవాడు ఆయనను ‘గుర్రం తాతయ్య’ అంటాడు. డెల్టాలో ఆయన విగ్రహం లేని ఊరు వెతుక్కోవాలి. మే 15న జయంతికి దండలు వేస్తారు. గోదావరి ఒడ్డున పురోహితులు ఆయనను భగీరథుడిగా స్మరించే శ్లోకం చదువుతారు. 1803లో పుట్టిన ఒక ఇంగ్లీషు సైనిక ఇంజనీరుకు ఇంత భక్తి ఎందుకో పిల్లలకు చెప్పాలంటే ముందు ఆకలి గురించి చెప్పాలి. 1833 నాటి కరవు, ఆ తర్వాత 1839లో కోరింగ రేవును ముంచేసిన తుపాను. పక్కనే అంత పెద్ద నది, తినడానికి తిండి లేదు. ఎల్‌కేజీ పిల్లవాడికి కరవు అర్థం కాదు. ‘అన్నం లేదా? అయితే ఇడ్లీ తినొచ్చు కదా’ అన్నాడు. వదిలేశాను.

ఇక మ్యూజియం. పిల్లల మ్యూజియం అని దానికి పేరు లేదు. పిల్లల కోసమే ప్రపంచంలో మొట్టమొదటి మ్యూజియం 1899 డిసెంబరులో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో తెరిచారట. కాటన్ దొర ఇంగ్లండులో కన్నుమూసింది ఆ ఏడాది జూలైలోనే. అద్దాల పెట్టెలు పక్కనపెట్టి వస్తువులను పిల్లల చేతికే అందించే పద్ధతి 1960లలో బోస్టన్ పిల్లల మ్యూజియంతో ఊపందుకుంది. మన దేశంలో మాత్రం ఇప్పటికీ చాలా మ్యూజియంలలో పెద్దవాళ్ళ కంటి ఎత్తులోనే బోర్డులు, ‘తాకరాదు’ అన్న మాట మాత్రం పిల్లల కంటి ఎత్తులో.

కానీ ధవళేశ్వరంలో మాకు కలిసివచ్చింది ఆవరణ. ఆనకట్ట పనుల కాలం నాటి పాత ఇనుప యంత్రాలు ఆరుబయటే ఉంటాయి. మా చిన్నవాడు ఒక పెద్ద పళ్ళ చక్రం ముందు కూర్చున్నాడు. ఒక పన్ను మరో పన్ను సందులో ఎలా ఇరుక్కుందో వంగి చూశాడు. దాన్ని తిప్పితే దీని సంగతేమిటని అడిగాడు. ఇది అటు తిరిగితే అది ఇటు తిరుగుతుందని వాళ్ళ నాన్న రెండు చేతుల వేళ్ళు కలిపి చూపించారు. వాడు కూడా వేళ్ళు కలిపాడు. అవి ఇరుక్కుపోయాయి. మళ్ళీ విడదీసి, మెల్లగా, ఒక్కో వేలే జరుపుతూ తిప్పాడు. లోపలికి రమ్మని పిలుస్తున్నా పలకలేదు. ఇలాంటప్పుడు పిలవకూడదని నా అభిప్రాయం. టికెట్ డబ్బులు వాటంతట అవే వసూలవుతున్న సమయం అది.

రైలు మాట చెప్పాకే లేచాడు. ధవళేశ్వరం కొండ నుంచి రాయి కొట్టి ఏటి దాకా చేరవేయడానికి కాటన్ దొర పట్టాలు వేయించారు. బొంబాయి నుంచి ఠాణాకు ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. దానికన్నా ముందే మా ధవళేశ్వరంలో పట్టాల మీద రాళ్ళ పెట్టెలు దొర్లాయి. ఈ మాటతో మా హైదరాబాదు బాబుకు కూడా మా జిల్లా మీద కాస్త గౌరవం కలిగింది.

లోపల బ్యారేజీ నమూనా ముందుకు వెళ్ళగానే నా పట్టుదలకు ఫలితం దక్కింది. ఎవరూ ఏమీ చెప్పకముందే పెద్దది ‘మనం ఆటో దిగింది ఇక్కడే’ అంది. అక్కడి నుంచి వేలు గాలిలోనే నడిపిస్తూ, ఇది ర్యాలి పాయ, ఇక్కడ తమ్ముడు పడవ అన్నాడు, ఇక్కడ నా లెక్క తప్పింది అని తన ప్రయాణమంతా అప్పజెప్పింది. ముందే ఇక్కడికి తీసుకొచ్చి ఉంటే అది దానికి ఒక బొమ్మ, అంతే. ఇప్పుడు తన ఊరికి దారి చూపే పటం. మిగతా ఫొటోలు, పటాలు గబగబా దాటేశాం. అన్నీ చూడాలన్న నియమం ఏమీ లేదు. ఒక్క వీణెం వీరన్న గారి దగ్గర మాత్రం ఆపాను. కాటన్ దొరకు కుడిభుజంగా నిలిచి, వేల మంది కూలీలను కూడగట్టి పని నడిపించిన మన ఇంజనీరు ఆయన. గుర్రం తాతయ్య ఒక్కడే రాళ్ళు మోశాడని పిల్లలు అనుకుంటే బాగుండదు.

1847లో మొదలై 1852కి ఆనకట్ట పూర్తయింది. ఇప్పుడు మనం నడిచే బ్యారేజీ చాలా తర్వాత, 1980ల తొలి ఏళ్ళకు సిద్ధమైంది. ఇది వింటూ మా ఆడపడుచు కొడుకు మంచి ప్రశ్న వేశాడు. కింద ఉన్నది ఇసుక కదా, గోడ కుంగిపోదా?

జవాబు బయట, చెట్టు కింద దొరికింది. మామయ్యగారు తడి ఇసుక కుప్పచేయించి, పైనుంచి నీళ్ళ సీసా వంచుతూ, దాని మీద గులకరాళ్ళు వేయమన్నారు. మొదటివి మునిగిపోయాయి. ఇంకా వేయండి అన్నారు. మునుగుతున్నాయి తాతయ్యా అన్నారు వీళ్ళు. వేయండి. కొంతసేపటికి కింది రాళ్ళ మీద పై రాళ్ళు నిలబడ్డాయి. కావేరి మీద చోళులు కల్లణై ఆనకట్ట కట్టింది ఇదే ఉపాయంతోనట. ఇసుకలోకి రాళ్ళు దింపుతూ పోయారు, అవి కుంగడం ఆగిన చోట గట్టి పునాది దొరికింది. తంజావూరు వైపు పనిచేసిన రోజుల్లో కాటన్ దొర దాన్ని చూసి నేర్చుకున్నారు. నేర్పింది మనవాళ్ళే అని మామయ్యగారు రెండుసార్లు చెప్పారు.

అన్నట్టు 1986 కూడా మా పిల్లలకు కంఠతా వచ్చేసింది. ఆ ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. గట్టు తెగుతుందేమోనని మామయ్యగారు గొడ్లను తోలుకుని రాత్రంతా ఎత్తు మీద కాపలా కాశారు. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఎక్కాల పుస్తకం తెరవని పిల్లలు ఈ అంకెలను ఆటోలో పాటలా పాడుకుంటూ వచ్చారు.

మర్నాడు ముగ్గురూ పెరటి వెనక పంటబోదె దగ్గర చేరారు. తాటాకులు, మట్టి, కొబ్బరి డొక్కలు పోగేసి అడ్డుకట్ట వేశారు. నీళ్ళు పక్క నుంచి గట్టును కోసుకుంటూ పోయాయి. మళ్ళీ వేశారు, ఈసారి మధ్యలో రెండు పలకలు నిలబెట్టి గేట్లన్నారు. అది నిలిచింది. నిజంగానే నీటిమట్టం పెరిగి మా అరటి చెట్ల పాదుల్లోకి తిరిగింది. ముగ్గురూ కేకలు. మామయ్యగారు చూసి మందలిస్తారనుకుంటే, ఆ పలక ఇంకొంచెం ఏటవాలుగా పెట్టండర్రా అని సలహా ఇచ్చి వెళ్ళిపోయారు.

పది గంటలకు దిగువ చేను పెద్దాయన గట్టు మీద ప్రత్యక్షమయ్యారు.

‘అమ్మాయ్, మీ కాటన్ దొరలను పిలిచి నీళ్ళు వదలమని చెప్పమ్మా. నా చేను పొట్ట మీద ఉంది.’

నేను నోరు తెరిచేలోపే మా ఆడపడుచు కొడుకు బోదెలోంచి తలెత్తి చెప్పాడు.

‘మొదటి ప్రమాద హెచ్చరిక ఇంకా రాలేదు తాతయ్యా. వచ్చాకే గేట్లు ఎత్తుతాం.’