మా పెట్టలు రీపరెక్కిన వైనం

విశాఖ గోపాలపట్నంలో మాది కింది వాటా. పెరడు అంటే ఓ జామచెట్టు, సిమెంటు తొట్టి, బట్టలారేసే తీగ, అంతే. పోయిన జులైలో అందులోకి ఐదు పెట్టలు దిగాయి. మూడు గ్రామప్రియలు (పెరట్లో పెంచుకోడానికని తయారుచేసిన కోళ్ల రకం), రెండు నాటువి. పుంజు వద్దని ముందే అనుకున్నాం. తెల్లారగట్ల మూడింటికి అది కూస్తే పై వాటావాళ్లు మమ్మల్ని కోసేస్తారు. మావయ్యగారిది చోడవరం దగ్గర పల్లె. కోళ్లని పందెం రంగులతో పిలవడం ఆయన అలవాటు. నాటువాటిలో నల్లదానికి కాకి అని, ఎర్రదానికి డేగ అని పేర్లు పెట్టేశారు. గ్రామప్రియలు మూడూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండేసరికి వాటిని ఆయన కూడా వదిలేశారు.

గూడు నేనే కాగితం మీద గీసి వెల్డింగ్ షాపులో చేయించాను. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. గుడ్లు పెట్టడానికి పైన రెండు టమాటా ట్రేలు, పడుకోడానికి కింద అడుగు ఎత్తులో ప్లంబరు వదిలేసి వెళ్లిన పీవీసీ పైపు. ట్రేలు పైనుంటే గుడ్లు తీసుకోడానికి నడుం వంచక్కర్లేదు కదా అని నా తెలివి.

మొదటి రాత్రే మూడు గ్రామప్రియలూ ఒకే ట్రేలో ఇరుక్కుని పడుకున్నాయి. రెండో ట్రే కాకిది. డేగని అందులోకి రానిస్తేగా! అది గూటి రేకు మీదకెక్కి కూర్చుంది. పైపు మీద ఒక్కటీ లేదు. చూడ్డానికి ముద్దుగానే ఉంది, ఫొటోలు కూడా తీశాను. పొద్దున్న ట్రేలు చూస్తే ముద్దు దిగిపోయింది. కోడి వేసే రెట్టలో పెద్ద వాటా రాత్రిపూటే పడుతుందని అప్పుడే తెలిసింది. వేసిన వరిగడ్డి మొత్తం తడిసి ముద్దయింది. రోజూ గడ్డి మార్చడం, రోజూ కంపు.

సెప్టెంబరులో గ్రామప్రియలు గుడ్లు మొదలెట్టాయి. గుడ్లకి రెట్ట, ఆ రెట్ట కడగడం నా పని. కడిగితే పెంకు మీదుండే సన్నటి పొర పోతుంది, ఆ గుడ్డు ఎక్కువ రోజులు ఆగదు. నాకేమో కడగకుండా ఫ్రిజ్‌లో పెట్టే ధైర్యం లేదు. అక్టోబరులో కూతకొచ్చిన, అంటే గుడ్లకి సిద్ధమైన, కాకి అయితే ట్రే వైపే చూడలేదు. మధ్యాహ్నమంతా ఎక్కడో మాయమై, వచ్చాక ఊరంతా వినపడేలా కొక్కొక్కొకో అని అరిచేది. పది రోజులకి మా అబ్బాయి సిమెంటు తొట్టి వెనక, పాత గోనెసంచి కింద ఏడు గుడ్లు పట్టుకున్నాడు. అటు డేగ రేకు కూడా వదిలేసి జామచెట్టెక్కింది. దాన్ని చూసి ఒక గ్రామప్రియ. ఆరింటికి ట్యూషన్‌కొచ్చే పిల్లలు లెక్కలు మానేసి కిటికీలోంచి ఆ తమాషా చూస్తూ కూర్చునేవాళ్లు.

ఇంతలో వాయుగుండం పట్టుకుంది. రాత్రి పదకొండింటికి కుండపోత. టార్చి వేసి చూస్తే రెండూ కొమ్మ మీద ముద్దయిపోయి, తలలు లోపలికి లాక్కుని ఉన్నాయి తప్ప దిగట్లేదు. చీకట్లో కోడికి చూపు సరిగ్గా ఆనదు, ఎక్కిన చోటే ఉండిపోతుంది. మా ఆయన గొడుగు పట్టుకుంటే నేను స్టూలెక్కి దించాను. మర్నాడు మావయ్యగారికి ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకుంటే, ఆయన అంతా విని, "పైపు పైనుందా, ట్రేలు పైనున్నాయా?" అని ఒక్కటే అడిగారు.

చెప్పాను.

"అమ్మాయ్, గూడు తలకిందులుగా కట్టించావమ్మా. అడవికోడి ఎక్కడ పడుకుంటాది? చెట్టు మీద. గుడ్డెక్కడ పెడతాది? కింద, పొద చాటున. ఇయ్యీ అంతే."

ఇన్నాళ్లూ కళ్లెదురుగా కాకి, డేగ నాకు చూపిస్తున్నది అదే. ఒకటి తొట్టి వెనక నేల మీద పెడుతోంది, ఇంకొకటి చెట్టెక్కుతోంది. కోడికి నిద్రకి కావల్సింది ఉన్నవాటిలో ఎత్తైన చోటు. గుడ్డుకి కావల్సింది చాటు, చీకటి. నేను ఈ రెండూ ఒకే ట్రేలో పెట్టి కూర్చున్నాను.

పైపు సంగతి కూడా మావయ్యగారే చెప్పారు. నున్నగా, సన్నగా ఉంటే కాలు నిలవదట. రెండంగుళాల రీపరు, అంటే పొడవాటి చెక్కబద్ద, తెచ్చి, వెడల్పు వైపు పైకి వచ్చేలా, రెండున్నర అడుగుల ఎత్తులో బిగించాం. అంచులు నేనే గరుకు కాగితంతో రుద్దాను. కోడికి జానెడు చోటు చొప్పున ఐదింటికి సరిపోయింది. ట్రేలు కిందికి దించి, ముందు పాత గోనె పరదాలా కట్టాను.

గూడు మారింది గానీ అలవాటు మారాలిగా. సాయంత్రం నాలుగు దాటాక, ఆ రోజుకి గుడ్లు అయిపోయాయని చూసుకుని, ట్రేల ముందు అట్టముక్క అడ్డం పెట్టేదాన్ని. అయినా మూలల్లో నేల మీద నక్కేవి. పూర్తిగా చీకటి పడ్డాక వెళ్లి, ఒక్కోదాన్నీ రెండు చేతుల్తో ఎత్తి రీపరు మీద పెట్టడం. లైటు వేస్తే మళ్లీ దిగిపోతాయి, అందుకని తడుముకుంటూనే. రీపరు పొట్టకి తగలగానే కోడి కాళ్లు చాపి పట్టుకుంటుంది. మెల్లగా కుంగి కూర్చుంటుంది. ఆ కుంగడంతోనే కాలి టెండన్లు (కండరాన్ని ఎముకకి కట్టే తాళ్లు) లాగి వేళ్లు వాటంతటవే బిగుసుకుంటాయి, అందుకే నిద్రలో జారిపడదు. ఒకసారి నా చూపుడువేలు రీపరుకీ డేగ కాలికీ మధ్య ఇరుక్కుంది. అది లేచి నిలబడేదాకా వేలు రాలేదు.

తొమ్మిది రాత్రులు ఇదే డ్యూటీ. పదో రోజు ట్యూషన్ మధ్యలో ఒక పిల్ల "టీచర్, అన్నీ ఎక్కేశాయి" అని అరిచింది. ముందు కాకి, గోడ పక్క మంచి చోటు దానిదే. దాని పక్కన గ్రామప్రియలు. చివరాఖరున డేగ. వరస మార్చే ధైర్యం ఎవరికీ లేదు. మధ్యలో ఉన్నవి రెండు కళ్లూ మూసుకుంటే, చివరనున్న డేగ బయటి వైపు కన్ను తెరిచే ఉంచేది.

గుడ్ల ట్రేలకి మాత్రం ఇంత కష్టపడలేదు. పూలకుండీలోంచి గుడ్డంత తెల్ల గులకరాళ్లు రెండు తీసి ట్రేకొకటి పెట్టాను. ఇంకో కోడి ఇక్కడ పెట్టిందంటే ఇది మంచి చోటే అని కాకి కూడా నమ్మేసింది. పరదా సందులోంచి ఓ రోజు చూశాను. లోపలికెళ్లి, బయటికొచ్చి, మళ్లీ వెళ్లి, గుండ్రంగా తిరిగి, గడ్డిపరకలు ముక్కుతో తీసి తన వీపు మీదే విసురుకుంది. అరగంట కూర్చుని, సగం లేచి, తోక కిందికి వంచింది. గుడ్డు తడిగా మెరుస్తూ పడింది, చూస్తుండగానే ఆరిపోయింది. గుడ్డు తయారవడానికి ఒక రోజు కంటే కాస్త ఎక్కువ పడుతుంది కాబట్టి వేళ రోజురోజుకీ ఆలస్యమై, ఒక రోజు మానేసి, మళ్లీ పొద్దున్నే మొదలవుతుంది. ఇది తెలియక మొదట్లో గుడ్డు లేని రోజల్లా కోడికి జబ్బేమో అని టెన్షన్ పడేదాన్ని.

సంక్రాంతి వెళ్లాక డేగ పొదుగుకొచ్చింది. ట్రే వదలదు, చెయ్యి పెడితే ఒళ్లంతా ఉబ్బించి గుర్రుమంటుంది. పుంజు లేని ఇంట్లో పొదిగేదేముంది? గులకరాయి! అడుగున గాలి ఆడితే పొదుగు మానుతుందని విని, మెష్ అడుగున్న బోనులో పెట్టి ఇటుకల మీద ఉంచాను. రెండో రోజు అత్తయ్యగారు వచ్చి చూసి, "కూర్చుంటానన్న పెట్టని నిలబెడతావేమే" అని కేకలేసి, ఆదివారం ఊరినుంచి ఊకలో సర్దిన తొమ్మిది గుడ్లు బస్సులో తెచ్చారు. బేసి లెక్కే పెట్టాలి అన్నారు. ఉరుములకి పాడవకుండా ఓ ఇనప మేకు కూడా గంపలో వేశారు. నేను నవ్వాను గానీ మేకు తియ్యలేదు. బస్సు కుదుపులకి గుడ్లు ఒక రోజు కదలకుండా ఆగాలని నేను పట్టుబట్టాను. మర్నాడు రాత్రి చీకట్లోనే డేగని స్టోర్ రూములో గంపలోకి మార్చి, కింద ఒక్కో గుడ్డూ జరిపాం. పొద్దున్నకి అది తన సొంత గుడ్లలా ముక్కుతో సర్దుకుంటోంది.

రోజుకి ఒక్కసారి, పావుగంట దిగేది. తినడం, నీళ్లు, బూడిదలో పొర్లడం, ఒక భయంకరమైన రెట్ట, మళ్లీ గంప. ఏడో రాత్రి ఫోన్ టార్చి మీద గుడ్లు పెట్టి చూశాం. ఏడింట్లో సాలెగూడులా ఎర్రటి నరాలు, రెండు తేటగా ఉన్నాయి. ఆ రెండూ తీసేశాం. ఇరవై ఒకటో రోజుకి ఆరు పిల్లలు. ఏడోది విచ్చలేదు.

పిల్లలొచ్చాక డేగ రీపరు మర్చిపోయింది. నెల దాటినా నేల మీదే, రెక్కల కింద ఆరింటినీ వేసుకుని. గూటిలో పెట్టినా మూలకే పోయేది. ఒక సాయంత్రం ఉన్నట్టుండి లేచి, రెక్కలు విదిల్చి, పైకెగిరి తన పాత చివరి చోట్లో కూర్చుంది. కింద పిల్లలు ఒకటే గోల. నేను ఎత్తి పెట్టబోతే మా ఆయన ఆగమన్నాడు. ట్రే అంచు మీదకి ఒకటి, అక్కడినుంచి పైకి. తర్వాత ఇంకొకటి. ఒకటి కాకి పక్కన దిగి, నెత్తి మీద ఒక్క పోటు తిని కిందపడి మళ్లీ మొదలెట్టింది. చీకటి పడేసరికి ట్యూషన్ పిల్లలు కిటికీలోంచి లెక్క చెప్పారు: రీపరు మీద ఐదు, డేగ రెక్క కింద నుంచి తోక మాత్రమే కనిపిస్తూ ఒకటి.