మదర్‌బోర్డు కొనే ముందు

ముందు ప్రాసెసర్ తేల్చుకోండి, సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) దాన్నిబట్టే. సాకెట్ కుదిరితే చాలదు: ఏఎండీ రైజెన్ 9000 ప్రాసెసర్ పెడితే పాత బయోస్ (బోర్డును మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) ఉన్న బీ650 రకం బోర్డు డిస్‌ప్లే ఇవ్వదు. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డైతే ప్రాసెసర్ లేకుండానే ఫ్యాట్32 ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌తో బయోస్ అప్‌డేట్ చేసుకోవచ్చు. నా లెక్కలో ఆర్‌జీబీ లైట్ల కంటే ఆ బటనే ముఖ్యం.

16 కోర్ల చిప్‌తో గంటల తరబడి వీడియో, 3డీ రెండరింగ్ చేస్తే వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కు కరెంటు సర్దే భాగం) వేడెక్కి వేగం పడిపోవచ్చు. దాని మీద మందపాటి హీట్‌సింక్ ఉందో లేదో చూడండి. గేమింగ్‌కు అంత అక్కర్లేదు.

డీడీఆర్5 ర్యామ్ నాలుగు స్టిక్కులు పెడితే సాధారణంగా స్పీడ్ తగ్గుతుంది. రెండే తీసుకుని, ప్రాసెసర్ వైపు నుంచి 2, 4 స్లాట్లలో పెట్టండి. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్ (ఎస్‌ఎస్‌డీ పెట్టేది) వాడితే హార్డ్‌డిస్క్‌లు తగిలించే సాటా పోర్టుల్లో కొన్ని ఆగిపోతాయి. మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.