అంగడి నుంచి వచ్చిన సర్ది: నాటు కోళ్లతో నా అనుభవం

దేవరకొండకు దగ్గరలోని మా ఊరిలో, ఇంటి వెనుక రేకుల గూట్లో 34 నాటు కోళ్లను సాకేవాడిని. కార్తీక మాసంలో ఒకనాడు అంగడిలో రెండు పెట్టలు నచ్చి, బేరమాడి కొని, గంపలో తెచ్చి ఆ సాయంత్రమే మిగతా వాటితో కలిపి గూట్లోకి తోలాను. ఒక పెట్ట ముక్కు రంధ్రాల చుట్టూ మట్టి అంటుకొని ఉండటం కంటబడినా, దారిలో లేచిన దుమ్మే అనుకున్నాను. ముక్కు తడిగా ఉంటేనే దుమ్ము అక్కడ అతుక్కుంటుందన్న ఆలోచన అప్పుడు రాలేదు.

నాలుగో రోజు తెల్లవారుజామున గూటి తలుపు తీయకముందే లోపల తుమ్ములు వినిపించాయి. వారం తిరిగేసరికి 19 కోళ్లకు పాకింది. కంటి కింద ఒక పక్క ఉబ్బి, రెప్పలు అతుక్కుపోయి, కొన్నింటికి గింజ కూడా కనిపించని స్థితి వచ్చింది. మొదట నీళ్లలా కారిన చీమిడి తరువాత చిక్కబడి, చేతిలోకి తీసుకుంటే కుళ్లు వాసన కొట్టేది. రోజుకు పది, పన్నెండు వచ్చే గుడ్లు మూడు, నాలుగుకు పడిపోయాయి.

"సర్ది పట్టింది బిడ్డా, ఎల్లిపాయ, పసుపు నూరి మింగియ్యి" అన్నది అమ్మ. రెండు రోజులు అదే చేశాను. తరువాత ఒక మందుల దుకాణంలో, కోడిని చూడకుండా, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఇచ్చిన పొడిని మూడు రోజులు నీళ్లలో కలిపి పెట్టాను. అడగని దుకాణదారుడిది ఎంత తప్పో, చెప్పకుండా కొన్న నాది కూడా అంతే తప్పు. ఈ ఐదు రోజుల్లో రెండు కోళ్లు చచ్చిపోయాయి.

నిజానికి నా భయం వేరే ఉండింది. శ్రావణంలోనే అన్నింటికీ కొక్కెర రోగం (రాణిఖేత్) టీకా వేయించాను కాబట్టి అది కాదని మనసుకు చెప్పుకుంటున్నా, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోళ్లను గోతుల్లో పూడ్చిన దృశ్యాలు కళ్లముందు తిరిగేవి. మూడో కోడి చచ్చిన ఉదయం దాన్ని రెండు పాలిథిన్ సంచుల్లో చుట్టి మండల పశువైద్యశాలకు తీసుకుపోయాను. డాక్టర్ గారు ముందు ఎన్ని చచ్చాయి, ఎన్ని రోజుల్లో చచ్చాయి అని అడిగారు. ఒక్కసారిగా మంద మొత్తం కూలిపోతే కోడిని ముట్టుకోకుండా, ఎక్కడికీ తేకుండా తమకు కబురు చేయాలని, అలాంటి నమూనాలు భోపాల్ ప్రయోగశాల దాకా వెళతాయని చెప్పి, తొడుగులు వేసుకొని నా ఎదుటే కోడిని కోశారు.

ఆ పది నిమిషాల్లో నేర్చుకున్నది నాకు పదేళ్ల కోళ్ల పెంపకంలో తెలియలేదు. కందనకాయకు పైన ఉండే మెత్తని జీర్ణాశయాన్ని చీల్చి, నీళ్లతో కడిగి చూపించారు. కొక్కెర రోగమైతే సాధారణంగా అక్కడ ఎర్రని రక్తపు చుక్కలు కనిపిస్తాయట, మా కోడికి అవి లేవు. ఊపిరితిత్తుల పక్కన ఉండే గాలి తిత్తులు పలుచని కాగితంలా తేటగా ఉన్నాయి. మైకోప్లాస్మా అనే క్రిమి వల్ల వచ్చే దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధిలో అవి మసకబారి నురగ పట్టి ఉంటాయి. చివరికి కంటి కింది వాపును కోస్తే లోపలి నుంచి పనీరు ముక్కలాంటి పసుపుపచ్చ గడ్డ ఊడివచ్చింది. వేగంగా పాకడం, ముఖం వాపు, ఆ దుర్వాసన, అన్నీ కలిపి చూసి ఇది కొరైజా అని తేల్చారు. ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చేది, మనుషులకు అంటదు. దీనికీ టీకా ఉన్నా, అది వందల డోసుల సీసాల్లో వస్తుంది కాబట్టి మా లాంటి చిన్న మందలకు గిట్టదు.

సల్ఫా మందు రాసిచ్చి, నీళ్లలో ఎంత కలపాలో, ఎన్ని రోజులు పెట్టాలో చెప్పారు. మందు నడిచినన్ని రోజులు, ఆపిన తరువాత ఆయన చెప్పిన గడువు దాకా గుడ్లు, మాంసం తినకూడదన్నారు. ఆ గుడ్లన్నీ గుంత తీసి పాతిపెట్టాను. జబ్బువాటిని పశువుల కొట్టంలోకి మార్చి, మంచివాటికి మేత వేశాకే వాటి దగ్గరికి పోయేవాడిని, చెప్పులు కూడా వేరు. మరో తప్పు గూట్లోనే బయటపడింది. చలికి ఓర్వలేవని నాలుగు వైపులా యూరియా సంచులు కుట్టి బిగించాను. లోపల వంగి కూర్చుంటే రెట్ట ఘాటుకు నా కళ్లే మండాయి. సంచులను పైభాగంలో జానెడు విప్పి, తడిసిన ఊకను ఎత్తిపోసి, నేలకు సున్నం చల్లాను. పది రోజుల్లో ముఖాలు తేటపడ్డాయి. ఆ తరువాత ఒక్క కోడీ చావలేదు.

అయితే అసలు కష్టం కోళ్లు కోలుకున్నాకే మొదలైంది. తేరుకున్న కోడి చూడటానికి నిగనిగలాడుతున్నా క్రిమిని ముక్కులో మోస్తూనే ఉంటుందని, కొత్త కోడి వచ్చిన రోజున దానికి అంటిస్తుందని డాక్టర్ గారు చెప్పారు. మారుబేరగాడు మోపెడ్ మీద గంపలు కట్టుకొని వచ్చి మంచి ధరే చెప్పాడు. నేను కొన్న ఆ రెండు పెట్టలు కూడా బహుశా ఇలాగే ఎవరో అమ్ముకున్నవే అయి ఉంటాయి. సంగతి చెప్పి పంపించేశాను. అతను నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూశాడు. మందు గడువు దాటాక మా కోళ్లను మేమే కోసుకొని తినడం మొదలుపెట్టాము.

కొరైజా గుడ్డు ద్వారా పిల్లకు రాదు, మైకోప్లాస్మా మాత్రం వస్తుంది. అందుకని డాక్టర్ గారు ఎనిమిది కోళ్ల రక్తం తీసి ఆ పరీక్ష చేయించారు, లేదని తేలింది. కానీ మా పెట్టతోనే పొదిగిస్తే పిల్లలకు దాని శ్వాస నుంచే కొరైజా అంటుతుంది. అందుకని మా గుడ్లు 14 అక్క వాళ్ల ఊరికి తీసుకుపోయి, అక్కడి పెట్ట కింద పెట్టించాను. పదకొండు పిల్లలయ్యాయి. ఈ క్రిమి కోడి ఒంటి బయట ఎక్కువ రోజులు బతకదు కాబట్టి, గూడు పూర్తిగా ఖాళీ అయ్యాక కడిగి, సున్నం కొట్టి, మూడు వారాలు వదిలేస్తే చాలు.

గూట్లో ఇప్పుడు ఒక్క నల్ల పెట్ట మిగిలింది. మంద మొదలైందే దానితోనని అమ్మ దాన్ని కోయనివ్వదు, దాన్ని వేరేవాళ్లకు అమ్మడం నాకు ఇష్టం లేదు. పిల్లలు ఇంకా అక్క వాళ్ల ఇంట్లోనే పెరుగుతున్నాయి.