లూపుల నిడివి కలవకూడదు: ఆంబియంట్ ఆల్బమ్ చేసే పద్ధతి

ఆంబియంట్ (నేపథ్యంలో నెమ్మదిగా సాగే సంగీతం) ఆల్బమ్ చేద్దామనుకునేవాళ్లు చాలామంది ముందుగా మంచి రివర్బ్ (గది ప్రతిధ్వనిని చేర్చే) ప్లగిన్ కోసం వెతుకుతారు. అంతకన్నా ముందు చూసుకోవలసింది లూపుల, అంటే మళ్లీ మళ్లీ తిరిగే శబ్దపు ముక్కల, నిడివి. దీనికి బ్రిటిష్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో 1978 నాటి ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ను మించిన పాఠం లేదు. అందులో ‘2/1’ అనే ట్రాక్‌లో వాద్యాలు లేవు, మాటలు లేవు. గాయనులు పాడిన ఒక్కొక్క స్వరం ఒక్కో టేపు లూపుగా తిరుగుతూ ఉంటుంది, అంతే. ఒక లూపు 23 1/2 సెకన్లకోసారి, ఇంకొకటి 25 7/8 సెకన్లకు, మరొకటి 29 15/16 సెకన్లకు వస్తాయని 1996లో ఒక ప్రసంగంలో ఈనోనే చెప్పాడు. జర్మనీలో నిర్మాత కోనీ ప్లాంక్ స్టూడియోలో ఆ పొడవాటి టేపులను అల్యూమినియం గొట్టపు కుర్చీల చుట్టూ తిప్పారు.

ఆ మూడు అంకెలకు క.సా.గు. కట్టి చూడండి. మూడు లూపులూ ఒకేసారి మొదలైతే, మళ్లీ అదే స్థితికి రావడానికి దాదాపు 27 రోజులు పడుతుంది. అదే మనం 20, 24, 30 సెకన్లు పెట్టుకున్నామనుకోండి, రెండు నిమిషాలకే తిరిగి మొదటికొస్తుంది. వినేవాడు లెక్కపెట్టకపోయినా మూడో చుట్టుకు చెవి పసిగట్టేస్తుంది. సాఫ్ట్‌వేర్ చూపే తాళపు గ్రిడ్‌కు అతుక్కుని 4 బార్లు (ఒక బారు అంటే మామూలుగా నాలుగు బీట్లు), 8 బార్లు, 16 బార్లు అని చేసిన ట్రాకులు అందుకే త్వరగా విసుగెత్తిస్తాయి.

సాఫ్ట్‌వేర్‌లో దీన్ని తేలిగ్గా చేసే దారి ఉంది. ప్రాజెక్ట్ టెంపో 60 పెట్టండి, అప్పుడు ఒక బీటు ఒక సెకను. ఏబుల్టన్ లైవ్ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో వార్ప్ (ఆడియోను టెంపోకు సరిపడా సాగదీసే సదుపాయం) ఆపేస్తే ఆడియో క్లిప్ లూప్ కాదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కాబట్టి వార్ప్ ఆన్‌లోనే ఉంచి, క్లిప్ టెంపో కూడా 60 అని చూపిస్తోందో లేదో సరిచూసుకోండి. రెండూ ఒకటైతే శబ్దం సాగదు. లూప్ నిడివి మొదటి ట్రాక్‌కు 5.3.2, రెండోదానికి 6.1.3, మూడోదానికి 7.1.1 ఇవ్వండి (వరసగా బార్లు, బీట్లు, పావు బీట్లు). అంటే 23.5, 25.75, 29.25 సెకన్లు. ఈ మూడూ మళ్లీ కలవడానికి 78 గంటలకు పైనే పడుతుంది. మొదలు మాత్రం మూడూ ఒకే క్షణాన పెట్టకూడదు. పెడితే మొదటి దెబ్బే బరువుగా పడి, తరువాత వచ్చేదంతా పలచబడినట్టు వినిపిస్తుంది.

ఇక స్వరాలు. ఇక్కడ ఏ స్వరం పక్కన ఏది పడుతుందో ముందుగా తెలియదు. తంబురలో నాలుగు తీగలూ ఒకే వరసలో మోగుతాయి కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ఏ రెండు కలిసినా గుచ్చుకోకూడదంటే మోహన రాగం స్వరాలు, స రి గ ప ద, మంచి ఆధారం. వాటిలో పక్కపక్కన అర్ధస్వరం దూరం ఎక్కడా లేదు. అయితే అవి మాత్రమే వాడితే మరీ తియ్యగా తయారవుతుంది. పై స్థాయిలో (ఆక్టేవ్‌లో) ఒక కాకలి నిషాదం (షడ్జానికి అర్ధస్వరం కింద ఉండే ని), మిగతావాటికన్నా పొడుగు లూపులో, తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. అప్పుడప్పుడు అది షడ్జానికి తగిలినప్పుడే ట్రాక్‌కు ప్రాణం వస్తుంది.

గొంతు రికార్డు చేసేటప్పుడు మైక్ 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, ‘ఆ’కారంలో ఒక్కో స్వరం ఆరు సెకన్లు పాడించండి. ప్రతిదీ మూడుసార్లు తీసి ఒకదానిపై ఒకటి పేర్చితే నిండుదనం వస్తుంది. టేకుల మధ్య తేడా 10 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) దాటితే శ్రుతి తప్పినట్టే ఉంటుంది. ఫ్యాన్, ఏసీ తప్పకుండా ఆపాలి. లేదంటే ప్రతి స్వరంతోపాటు గది హోరు కూడా వచ్చి, స్వరంతోపాటే తెగిపోతుంది. పాటలో అయితే తబలా, గిటార్ దాన్ని కప్పేస్తాయి, ఇక్కడ కప్పేవాళ్లు ఎవరూ లేరు. స్వరం చివర కనీసం ఒకటిన్నర సెకన్ల ఫేడ్ ఇవ్వండి.

ఎన్ని లూపులు? ఆరు సెకన్ల స్వరాలతో మూడు లూపులైతే సగటున ఒక సమయంలో 0.7 గొంతు మాత్రమే మోగుతుంది. ఏడు లూపులైతే ఒకటిన్నర దాటుతుంది. ఆ సగటు రెండు గొంతులు దాటితే ఖాళీ పోయి ముద్దయిపోతుంది, అక్కడ ఆగడం మంచిది.

రివర్బ్‌ను లూపు లోపల రెండర్ చేయొద్దు. లూపు తిరిగే చోట తోక తెగి టక్కుమంటుంది. వేరే రిటర్న్ ట్రాక్ (అన్ని ట్రాకులకూ ఉమ్మడిగా ఎఫెక్ట్ ఉండే ట్రాక్)పై పెట్టి అన్నిటినీ అక్కడికే పంపండి: తోక 6 నుంచి 10 సెకన్లు, ప్రీడిలే (రివర్బ్ మొదలయ్యే ముందు ఆలస్యం) 50 మిల్లీసెకన్లు. ఆ రిటర్న్‌లో 250 హెర్ట్జ్ కింద, 6 కిలోహెర్ట్జ్ పైన కోసేయండి. కింది భాగం వదిలేస్తే స్వరాలు దగ్గరపడిన చోటల్లా తోకలు ఒకదాని మీద ఒకటి పేరుకుని బురదలా తయారవుతుంది. మొదటి నిమిషం విని సరిపెట్టుకుంటే ఈ తప్పు దొరకదు.

అంతా సిద్ధమయ్యాక 40 నిమిషాలు అలాగే నడవనిచ్చి రికార్డు చేసుకోండి, అందులోంచి బాగున్న 10 నిమిషాలు తీసుకోండి. ఎంచుకోవడం మీ పని, అందులో మొహమాటం వద్దు. మధ్యలో కత్తిరించి అతికించడం మాత్రం వద్దు, రివర్బ్ తోకలు అతుకును పట్టించేస్తాయి.

మాస్టరింగ్‌లో (విడుదలకు ముందు చివరి సర్దుబాటులో) మైనస్ 18 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సగటు బిగ్గరతనపు కొలత) చాలు, ట్రూ పీక్ (శబ్దం చేరే గరిష్ఠ స్థాయి) మైనస్ 1 డీబీ. స్పాటిఫై మైనస్ 14 లక్ష్యంగా పెంచినా పీక్‌లకు చోటు ఉన్నంత వరకే పెంచుతుంది కాబట్టి, ఆ అంకె కోసం లిమిటర్‌తో (పీక్‌లను అణిచే సాధనంతో) నలిపేయనక్కర్లేదు. 16 బిట్‌కు మార్చేటప్పుడు డిథర్ (అతి సన్నని హోరు) వేయాలి. లేకపోతే పొడుగు ఫేడవుట్ చివర గరగరమంటుంది. ట్రాకులు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయేలా ఉంటే ఎంపీ3 పంపకండి, ఆ ఫార్మాట్‌లో మొదట్లో, చివర్లో చిన్న ఖాళీ చేరుతుంది. వేవ్ లేదా ఫ్లాక్ ఇవ్వండి. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక ప్లేగా లెక్కిస్తారు కదా అని పది నిమిషాల ట్రాక్‌ను ముక్కలు చేసేవాళ్లున్నారు. ఈ తరహా సంగీతానికి అంత చెరుపు ఇంకొకటి లేదు.

పంపేముందు హెడ్‌ఫోన్స్ తీసేసి, ఫ్యాన్ మామూలు వేగంలో తిరుగుతుండగా తక్కువ వాల్యూమ్‌లో మొత్తం ఆల్బమ్ వినండి. ఫ్యాన్ హోరులో ఏ స్వరం పూర్తిగా మాయమవుతోందో రాసుకుని, దాన్ని ఒక స్థాయి పైకి మార్చి మళ్లీ పాడించండి. వాల్యూమ్ పెంచితే పని జరగదు, ఫ్యాన్ ఆగినప్పుడు అదొక్కటే ముందుకొచ్చి నిలబడుతుంది.