బెర్లిన్‌లో పిల్లకు గది వెతికే ముందు

"వాళ్లింట్లో దిగనమ్మా" అంది మా అమ్మాయి. బెర్లిన్‌లో మనవాళ్ల కుటుంబం ఒకటుంది, రెండు నెలలు అక్కడుండి నెమ్మదిగా గది చూసుకోమంటే వచ్చిన జవాబు అది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసి బతుకుతానని న్యూజెర్సీ నుంచి బయల్దేరుతున్న పిల్లకు నేనివ్వగలిగిన సలహా అదొక్కటే. కొత్త ఊరికి వెళ్తే ముందు తెలిసినవాళ్ల గడప చూసుకోవడం మన తరం పద్ధతి. అయితే బెర్లిన్ లెక్క వేరు. అక్కడ తలదాచుకునే చోటు దొరకడం సగం పనే. ఆ చిరునామాలో నీ పేరు ప్రభుత్వ కార్యాలయంలో నమోదు కావాలి, దానికి ఇంటివాళ్లు సంతకం పెట్టాలి. మొహమాటంతో పెట్టుకున్న అతిథికి ఆ సంతకం అందరూ చెయ్యరు.

ఆ నమోదును ఆన్మెల్డుంగ్ అంటారు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు చేయించుకోవాలి. పాస్‌పోర్టుతో పాటు ఇల్లిచ్చినవారు సంతకం చేసిన ధ్రువపత్రం తప్పనిసరి, అద్దె ఒప్పందం ఒక్కటీ చూపిస్తే సరిపోదు. యజమానే సంతకం చెయ్యాలనేం లేదు, గదిని తిరిగి అద్దెకిచ్చిన అసలు అద్దెదారు చేసినా చెల్లుతుంది. నమోదయ్యాక పన్ను గుర్తింపు సంఖ్య పోస్టులో వస్తుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. అక్కడి అపార్ట్‌మెంట్ల చిరునామాలో సాధారణంగా ఫ్లాటు నంబరు ఉండదు. పోస్టల్ డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. గదిలో చేరిన రోజే డబ్బా మీద పేరు అంటించుకోవాలి.

"ఆన్మెల్డుంగ్ కుదరదు" అని రాసున్న గదుల ప్రకటనలు బోలెడు. అవి కాస్త చవగ్గా ఉంటాయి, తొందరగా దొరుకుతాయి. చాలాసార్లు అసలు అద్దెదారు యజమాని అనుమతి తీసుకోకుండా ఇస్తున్న గదులవి. సంగతి బయటపడితే అతని ఒప్పందమే రద్దు కావచ్చు, అప్పుడు మన పిల్లా రోడ్డున పడుతుంది. మొదటి వారానికి తప్ప అలాంటి గది తీసుకోవద్దనే నా గట్టి అభిప్రాయం.

మొదటి ఏడాది సొంతంగా ఫ్లాటు దొరుకుతుందని ఆశ పెట్టుకోకూడదు. యజమానులు మూడు నెలల జీతం స్లిప్పులు, షూఫా అనే అప్పుల చరిత్ర పత్రం, పాత ఇంట్లో అద్దె బాకీ లేదన్న కాగితం అడుగుతారు. సొంతంగా పనిచేసుకునే కళాకారులకు జీతం స్లిప్పు ఉండదు, కొత్తగా దిగినవాళ్లకు షూఫా చరిత్ర ఉండదు. అమెరికాలో ఉన్న అమ్మానాన్నలు హామీ ఇస్తామన్నా చాలామంది ఒప్పుకోరు, జర్మనీలో ఆదాయం ఉన్నవాళ్లే కావాలంటారు. ఒకవేళ ఫ్లాటు దొరికినా చాలావాటిలో వంటగది ఉండదు. పొయ్యి, సింకు, గట్టు అన్నీ పాత అద్దెదారు పట్టుకుపోతారు, లేదా మనకే అమ్ముతారు. కొన్నిచోట్ల దీపాలు కూడా ఉండవు.

అందుకని దారి ఇలా సాగుతుంది: ముందు ఎవరో ఊరెళ్తూ మూడు నాలుగు నెలలకు సామానుతో సహా ఇచ్చే గది, తర్వాత వేగే అని పిలిచే ఉమ్మడి ఫ్లాటులో ఒక గది, ఆదాయం కుదురుకున్నాక సొంత ఫ్లాటు. వేగేలో గది ఎవరికివ్వాలో అప్పటికే అక్కడ ఉంటున్నవాళ్లు తేలుస్తారు. వాళ్లకు రాసే మొదటి ఉత్తరం నాలుగు ముక్కలైనా జర్మన్‌లో ఉండాలి. ఏం పని చేస్తుంది, ఇంట్లో కూర్చుని చేస్తుందా, ఎన్నాళ్లుంటుంది అన్నవి సూటిగా చెప్పాలి. పిల్ల సంగీతం వైపు వెళ్తుంటే ఇంకా ముందే మాట్లాడుకోవాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా, ఆదివారాలు రోజంతా చప్పుడు చెయ్యకూడదన్న నియమం ఉంది. మృదంగం తీసుకెళ్లేవాళ్లు సాధన గది విడిగా చూసుకోవాలి.

డబ్బు దగ్గర రెండు మాటలు గుర్తుండాలి. కాల్ట్‌మీటె అంటే ఉత్త అద్దె. వార్మ్‌మీటెలో వేడి, నీళ్లు, చెత్త ఖర్చులు కలుస్తాయి, కరెంటు తరచు విడిగానే ఉంటుంది. మామూలు అద్దె ఒప్పందంలో డిపాజిట్ మూడు నెలల ఉత్త అద్దె దాటకూడదని చట్టం. ఉత్త అద్దె 600 యూరోలైతే 1,800 మించి అడగకూడదు, దాన్నీ మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కుంది. గది చూడకుండా పైసా పంపకూడదు. యజమాని వేరే దేశంలో ఉన్నానని, డిపాజిట్ వేస్తే తాళాలు పోస్టులో పంపుతానని అంటే అది మోసం. పాస్‌పోర్టు నకలు కూడా గది చూశాకే ఇవ్వాలి.

వీసా సంగతి పాస్‌పోర్టును బట్టి ఉంటుంది. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు వీసా లేకుండా వెళ్లి, 90 రోజుల్లోపు అక్కడే నివాస అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. భారత పాస్‌పోర్టు ఉంటే, గ్రీన్‌కార్డున్నా సరే, బయల్దేరకముందే జర్మన్ కాన్సులేట్‌లో దీర్ఘకాల వీసా తీసుకోవాలి. స్వతంత్ర కళాకారులకు ఇచ్చే అనుమతికి పనుల నమూనాలు, ఆదాయవ్యయాల అంచనా, పని ఇస్తామని క్లయింట్లు రాసిన ఉత్తరాలు, ఆరోగ్య బీమా కావాలి. ఉత్తరంలో ఏ పని, ఎంత పారితోషికం అన్నది ఉంటేనే దానికి బలం. ప్రయాణ బీమాతో సరిపెట్టుకుందామంటే సాధారణంగా ఒప్పుకోరు.

బీమా విషయంలో జర్మనీ కళాకారులకు చేస్తున్న మేలు నిజంగా గొప్పది. 1983 నుంచి కేఎస్‌కే అనే కళాకారుల సామాజిక నిధి నడుస్తోంది. అందులో చేరినవాళ్లు ఆరోగ్య, వృద్ధాప్య బీమాలకు సగం కడితే చాలు, మిగతా సగం ఆ నిధి భరిస్తుంది. కళ మీద ఏడాదికి 3,900 యూరోలకు పైగా ఆదాయం ఉండాలి, కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు మొదటి మూడేళ్లు ఆ పరిమితి వర్తించదు. అయితే ఇన్వాయిస్‌లూ ఒప్పందాలూ చూపాలి, తేలడానికి నెలలు పడుతుంది. ఆ నెలల బీమా ఖర్చు ముందే పక్కన పెట్టుకోవాలి. బొమ్మలు వేసుకుంటూ బతికేవాళ్లను ఒక ప్రభుత్వం ఇంతగా లెక్కలోకి తీసుకుంటుందని తెలిశాక నా భయం కొంత తగ్గింది.

ఇవన్నీ తెలిశాయి గనక ఇప్పుడు ధైర్యంగా పంపుతానా అంటే ఏమో. చదువుకోసమో ఉద్యోగం కోసమో ఖండాలు దాటడాన్ని మన ఇళ్లలో ఎవరూ తప్పుపట్టరు, బొమ్మల కోసమంటే మాత్రం నేనూ తడబడుతున్నాను. మేం వదిలొచ్చిన ఊరొకటి, తను పుట్టిపెరిగిన ఊరొకటి, ఇప్పుడు మూడోది. అక్కడ తనకు మనవాళ్లు ఎవరవుతారో నేను తేల్చగలిగేది కాదు. మనవాళ్ల ఇల్లు వద్దంటే మనమే వద్దన్నట్టు ఎందుకు వినిపించిందో కూడా ఇంకా ఆలోచిస్తున్నాను.

చేతనైన సాయం ఒకటుంది. అద్దె, డిపాజిట్, బీమా కలిపి కొన్ని నెలలకు సరిపడా డబ్బు బయల్దేరడానికి బాగా ముందే తన ఖాతాలో వెయ్యాలి. తన పేరున ఉన్న నిల్వ వీసాకూ పనికొస్తుంది, గది ఇచ్చేవాళ్లకు చూపడానికీ పనికొస్తుంది. అలా వేశాక ఏ పేటలో, ఎవరితో ఉంటావని అడిగే హక్కు నాకు మిగులుతుందా, అడగకుండా ఉండగలనా అన్నది మాత్రం నాకింకా తెలియడం లేదు.