పాదువా గోడల మీద పాపపుణ్యాలు

వెనిస్ నుంచి పడమరగా అరగంట రైలు ప్రయాణం చేస్తే పాదువా నగరం వస్తుంది. మన కథోలిక కుటుంబాలలో పెరిగినవారికి ‘పాదువాపురి అంతోనివారు’ అన్న పునీతుడి పేరు చిన్ననాటి నుంచీ చెవినబడేదే కాబట్టి, అక్కడికి వెళ్లే తెలుగు విశ్వాసులు సాధారణంగా ముందు ఆయన సమాధి ఉన్న బసిలికాకే, అంటే ఆ పెద్ద చర్చికే, దారి తీస్తారు. నేను మాత్రం మొదట స్టేషనుకు నడక దూరంలో ఉన్న స్క్రొవెగ్ని ప్రార్థనాలయానికి వెళ్లాను. క్రైస్తవులు పాపాలనూ సుగుణాలనూ ఎలా లెక్కపెట్టుకుంటూ వచ్చారన్న ప్రశ్న చాలాకాలంగా నన్ను వెంటాడుతోంది. ఆ రెండు లెక్కలనూ ఒకే గదిలో ఎదురెదురు గోడల మీద నిలబెట్టిన చోటు అది.

లోపలి గాలిలో తేమ, ధూళి పెరిగితే కుడ్యచిత్రాలు చెడిపోతాయి కనుక సందర్శకులను చిన్న చిన్న బృందాలుగా ముందు ఒక గాజు గదిలో 15 నిమిషాలు కూర్చోబెడతారు. అక్కడ కూర్చున్నంతసేపూ నా ఆలోచన ఈజిప్టు ఎడారి మీదికే పోయింది. ఈ చరిత్ర మొదలైంది అక్కడి సన్యాసుల గుడిసెలలో. 399లో మరణించిన ఎవాగ్రియుస్ అనే సన్యాసి మనిషిని పడదోసే దుష్ట తలంపులు ఎనిమిదని రాశాడు: తిండిపోతుతనం, కామం, ధనాశ, దుఃఖం, కోపం, విసుగు, డంబం, గర్వం. వీటిలో విసుగును గురించి ఆయన రాసినది చదివితే ఆ ఎండ మనకూ తగులుతుంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు కదలనట్టే ఉంటాడు, సన్యాసి మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడు, భోజనవేళకు ఇంకా ఎంత పొద్దుందో లెక్క వేస్తాడు, చివరికి ఆ చోటు మీదా తన బతుకు మీదా ఏవగింపు పుట్టి లేచి వెళ్లిపోవాలనుకుంటాడు. ఒంటరిగా ఉపవాసాలతో బతికేవాడి శత్రువులు ఇవి. జాబితాకు తిండితో శ్రీకారం చుట్టడం అందుకే సహజంగా తోస్తుంది.

యోహాను కస్సియాను 5వ శతాబ్దంలో ఈ ఎనిమిదింటినీ లాటిన్ భాషలోకి, పశ్చిమ దేశపు మఠాలలోకి తెచ్చాడు. 590 నుంచి 604 వరకు పోపుగా ఉన్న మహా గ్రెగొరీ యోబు గ్రంథానికి రాసిన వ్యాఖ్యానంలో గర్వాన్ని అన్నిటికీ మూలంగా విడదీసి, విసుగును దుఃఖంలో కలిపి, అసూయను చేర్చి, గర్వం నుంచి పుట్టేవి ఏడని తేల్చాడు. 1215లో చర్చి పెద్దలు కూడిన లాటరన్ మహాసభ ప్రతి విశ్వాసీ ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలని, అంటే గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవాలని శాసించిన తరువాత, మఠాలలో పుట్టిన ఈ లెక్క రైతుకూ వర్తకుడికీ ఆత్మపరీక్షకు సాధనమైంది. కామక్రోధాదులను ఆరుగా లెక్కించే సంప్రదాయం మధ్య పెరిగిన మనకు, ఈ అంకె ఎనిమిదిగా మొదలై ఏడుగా స్థిరపడటం ఆసక్తి కలిగిస్తుంది.

సుగుణాల దారి వేరు. వివేకం, ధైర్యం, మితం, న్యాయం అనే నాలుగూ గ్రీకు తత్త్వవేత్తల నుంచి వచ్చాయి. విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ అనే మూడూ పౌలు కొరింథీయులకు రాసిన లేఖలోనివి. వేర్వేరు ఊటల నుంచి వచ్చిన ఈ ఏడూ గ్రెగొరీ చెప్పిన ఏడు పాపాలకు జతగా అమరవు. వాటిని జతపరచడానికి పండితులు శతాబ్దాల పాటు శ్రమించారు.

తలుపు తెరుచుకుని లోపలికి అడుగుపెట్టగానే చూపు పైకే పోతుంది, ఎందుకంటే కప్పంతా బంగారు చుక్కల నీలాకాశం. నేను వెదికినవి మాత్రం గోడల అడుగు వరుసలో, చలువరాతి పలకల్లా రంగు వేసిన చట్రాల మధ్య, రాతిలో చెక్కారేమో అనిపించే బూడిదరంగు స్త్రీపురుష రూపాలు. వీటిని గీసిన చిత్రకారుడు జొట్టో ఇక్కడ ఏడు సుగుణాలను యథాతథంగా తీసుకుని, ఒక్కొక్కదానికి సరైన ప్రత్యర్థిని తానే ఎదుటి గోడ మీద నిలబెట్టాడు. అందువల్ల న్యాయానికి ఎదురుగా అన్యాయం, నిరీక్షణకు ఎదురుగా ఉరి వేసుకున్న నిరాశ కనిపిస్తాయి. గ్రెగొరీ ఏడింటిలో ఇక్కడ చోటు దక్కినవి కోపం, అసూయ మాత్రమే. తిండిపోతుతనం, కామం, ఎడారి సన్యాసిని వేధించిన విసుగు ఈ వరుసలో లేనే లేవు.

అసూయ ముందు నేను అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డాను. ఆమె కాళ్ల కింద మంటలు. చెవి మనిషి చెవికి మించి పెద్దది, పరుల మాటలు వినడానికే పెరిగినట్టుంది. ఒక చేతిలో డబ్బు సంచి బిగించి పట్టుకుని, గోళ్లు పెరిగిన రెండో చేతిని ఇంకేదో అందుకోవడానికి చాపింది. నోటి నుంచి నాలుకలా వెలువడిన పాము ముందుకు పోకుండా వెనక్కి మళ్లి ఆమె కళ్లనే కాటు వేయబోతోంది. ఎదుటి గోడ మీద ప్రేమ ఒక చేత పండ్లూ పూలూ నిండిన పాత్ర పట్టుకుని, రెండో చేత తన హృదయాన్ని పైనున్న ప్రభువుకు అందిస్తోంది. ఆమె పాదాల కింద నలిగేవి డబ్బు సంచులు.

ఈ సంచులు ఊరికే వచ్చినవని నేను అనుకోను. ఈ ఆలయాన్ని కట్టించిన ఎన్రికో స్క్రొవెగ్ని తండ్రి రెజినాల్దో పేరుమోసిన వడ్డీ వ్యాపారి. ఇటలీ కవి డాంటే తన కావ్యంలో నరకంలోని వడ్డీ వ్యాపారుల మధ్య, మెడలో తెల్ల సంచి, దాని మీద నీలి పంది చిహ్నంతో కూర్చోబెట్టిన పాదువా వాసి ఆయనేనని వ్యాఖ్యాతలు గుర్తించారు; ఆ పంది స్క్రొవెగ్నిల వంశచిహ్నం. ఆలయం 1305 మార్చి 25న ప్రతిష్ఠితమైంది. దాన్ని అంకితం చేసింది ప్రేమమాత మరియమ్మకు. పడమటి గోడ మీది తుది తీర్పులో ఎన్రికో రక్షణ పొందినవారి పక్షాన మోకరిల్లి ఆలయపు నమూనాను సమర్పిస్తుండగా, నరకం వైపున వడ్డీ వ్యాపారులు తమ సంచుల తాళ్లకే వేలాడుతున్నారు. తండ్రి పాపానికి ప్రాయశ్చిత్తమని కొందరు, సంపద ప్రదర్శన అని కొందరు అంటారు. పక్కనే ఉన్న ఎరెమితాని సన్యాసులు ఆ ఏడాదే, ఇది దైవమహిమ కంటే ఆడంబరానికీ డంబానికీ కట్టినదని ఫిర్యాదు చేశారు. డంబం గ్రెగొరీ జాబితాలోదే. నా మటుకు నాకు ఆ పశ్చాత్తాపమూ ఆ డాబూ ఒకే మనిషిలో ఉండి ఉంటాయనే అనిపించింది. ఎడారిలో తిండితో మొదలైన లెక్క, వర్తకం పెరిగిన నగరానికి చేరేసరికి డబ్బు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం అంతోనివారి బసిలికాకు వెళ్లినప్పుడు ఆ అభిప్రాయం ఇంకా బలపడింది. ప్రధాన బలిపీఠానికి శిల్పి దొనతెల్లో పోత పోసిన కంచు ఫలకాలలో ఒకటి అంతోనివారి ప్రసంగంతో ముడిపడిన లోభి కథ చెబుతుంది: చనిపోయిన ధనికుడి రొమ్ము కోసి చూస్తే గుండె ఉండదు, అది అతని డబ్బు పెట్టెలో దొరుకుతుంది. ఉదయం చూసిన ప్రేమ తన హృదయాన్ని ఎవరికి ఇస్తున్నదో తెలిసినవారికి ఈ ఫలకం దానికి జవాబులా కనిపిస్తుంది. అంతోనివారు ప్రసంగాలతో ఆగలేదు. 1231 మార్చిలో, తన మరణానికి మూడు నెలల ముందు, పాదువా నగరపాలకుల చేత ఒక శాసనం చేయించారు: అప్పు తీర్చలేనివాడు తన ఆస్తిని అప్పగించిన తరువాత అతన్ని చెరసాలలో పెట్టకూడదు. ఆ శాసనంలో ఆయన విన్నపం మీదనే అది చేసినట్టు ఆయన పేరు కూడా రాశారు.