రోమ్‌లో ఒక తోడేలు కోసం పోయిన పూట

రోమ్ అంటే కొలోసియం, వాటికన్, జెలాటో అని అందరూ రాసేశారు కాబట్టి ఆ రోజులన్నీ ఎగ్గొట్టేస్తున్నా. నాకు రాయాలనిపించింది ఒక్క తోడేలు గురించే. కపిటోలిన్ మ్యూజియంలో ఉండే కంచు తోడేలు, దాని పొట్ట కింద ఇద్దరు పిల్లలు పాలు తాగుతుంటారు, రోములస్, రెమస్, తోడేలు పాలు తాగి బతికి ఈ ఊరు కట్టారని కథల్లో చెప్పే కవలలు. ఏఎస్ రోమా ఫుట్‌బాల్ టీం బ్యాడ్జ్ మీద కూడా అదే ఉంటుంది, ఊళ్ళో టీషర్టుల మీద, మగ్గుల మీద ఎక్కడ చూసినా అదే, చూసీ చూసీ అసలుది చూడాల్సిందే అని పట్టుబట్టా.

టెర్మిని రైల్వే స్టేషన్ దగ్గర 64 నంబరు బస్సెక్కాం. జేబుదొంగల బస్సు అని దానికి పేరు. మా ఆయన పాస్‌పోర్టులు, పర్సు, ఛార్జర్ అన్నీ ఒకే బ్యాగులో కుక్కి దాన్ని పొట్ట మీద కట్టుకుని రెండు చేతులతో వాటేసుకుని నిలబడ్డారు, ఏ దొంగకైనా సొమ్ము ఎక్కడుందో బోర్డు పెట్టి చూపించినట్టే. టికెట్ ఒకటిన్నర యూరో, వంద నిమిషాలు పనికొస్తుంది, దానికి నేనేం అనను. పియాజ్జా వెనీజియాలో దిగి కాఫీకి కూర్చున్నాం చూడండి, అక్కడ పడింది దెబ్బ. నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుని తాగితే ఇంకో రేటు అని విన్నా గానీ మరీ ఇంత తేడానా! బిల్లు చూసి ఆయన "కుర్చీ కూడా మనదేనేమో కనుక్కో, పట్టుకెళ్దాం" అన్నారు. నీళ్ళకి మాత్రం పైసా ఇవ్వక్కర్లేదు, వీధి వీధికీ నాసోని అని ఇనప పంపులుంటాయి, చల్లటి నీళ్ళు ఊరికే కారుతూనే ఉంటాయి.

మ్యూజియం ఉన్న కొండ పైకి మైకెలాంజెలో గీసిన వాలు మెట్ల మీదుగా ఎక్కి, గుర్రం మీద ఉన్న రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరేలియస్ విగ్రహాన్ని దాటి (బయట ఉన్నది కాపీ, అసలుది లోపల దాచారు), టికెట్ కొని తిన్నగా తోడేలు గదికే వెళ్ళాం. గది మధ్యలో దిమ్మ మీద ఉంది. ఎత్తు 75 సెంటీమీటర్లే, పొడవు ఒక మీటరు పైన. నేనింకా ఏనుగంత ఊహించుకున్నా.

"ఇదేంటే, కుక్కలా ఉంది" అన్నారు ఈయన.

నాకు ఒళ్ళు మండింది గానీ నిజంగానే అలాగే ఉంది. జనం కూడా రావడం, వెనక్కి తిరిగి సెల్ఫీ తీసుకోవడం, పోవడం. ఆ గుంపులో ఒక పెద్దాయన మాత్రం గోడ పక్కన నిలబడి చిన్న పుస్తకంలో పెన్సిల్‌తో గీసుకుంటున్నాడు. నేను తొంగిచూస్తే దాచుకోలేదు, పుస్తకం నా వైపు తిప్పాడు. పేజీ నిండా చెవి, మెడ, మళ్ళీ చెవి, మళ్ళీ మెడ, అంతే. రిటైరైన డ్రాయింగ్ మాస్టారట. వచ్చీరాని ఇంగ్లీషులో, మిగతాది చేతులతో చెప్పాడు: తోడేలుని గియ్యమంటే పిల్లలందరూ కుక్కనే గీసుకొస్తారు. తోడేలు ఛాతీ సన్నం, కాళ్ళు పొడుగు, పాదాలు ఒంటికి మించి పెద్దవి, నడిచేటప్పుడు తల వీపుకి సమంగా దించుకుని పోతుంది, తోక కుక్కలా పైకి చుట్టుకోకుండా కిందికి వేలాడుతుంది, కళ్ళు ఏటవాలుగా ఉంటాయి. ఇవి పట్టుకోకుండా ఎన్ని వెంట్రుకలు గీసినా అది అల్సేషనే అవుతుందట.

"మరి ఇది?" అని కంచు తోడేలుని చూపించా. ఆయన నవ్వి, మీరే దగ్గరికెళ్ళి చూడండి అన్నట్టు చెయ్యి ఊపాడు.

వెళ్ళి చూస్తే మెడ మీద జూలు వెంట్రుకల్లా లేనే లేదు, చిన్న చిన్న సుడులు వరసగా పేర్చి పెట్టారు, పేర్చిన చెయ్యికి ఎంత ఓపికో, మెడ దాటి వీపు మీదుగా ఒక గీతలా పోతాయి. మిగతా ఒళ్ళంతా నున్నగా, పక్కటెముకలు మాత్రం వేళ్ళతో లెక్కపెట్టేలా తేలి ఉన్నాయి. నుదుటి మీద ముడతలు, నోరు కొంచెం తెరిచి, కింద పిల్లలున్నారన్న ధ్యాసే లేకుండా తల పక్కకి తిప్పి ఎవరో వస్తున్నట్టు చూస్తోంది. పాలు చేపిన తల్లి, కానీ ఒళ్ళంతా బిగదీసుకుని ఉంది. పిల్లలేమో బొద్దుగా, హాయిగా, ఒకడు కూర్చుని, ఒకడు మోకాలి మీద. అసలు ఈ పిల్లలకీ ఈ తల్లికీ సంబంధమే లేదట. 1471లో పోప్ నాలుగో సిక్స్టస్ ఈ తోడేలుని రోమ్ జనానికి ఇచ్చాక, ఆ శతాబ్దం చివర్లో పిల్లల్ని చేయించి కింద పెట్టారు. అంటే మనందరి బుర్రలో ఉన్న ఆ బొమ్మ రెండు కాలాల అతుకు.

ఇంకో గొడవ కూడా ఉంది. చాలాకాలం దీన్ని క్రీస్తు పూర్వం అయిదో శతాబ్దం నాటి ఎట్రుస్కన్ల (రోమన్ల కంటే ముందు ఇటలీలో వెలిగిన జనం) పని అనే పుస్తకాల్లో రాశారు. 1997లో రిపేర్ల పని మొదలయ్యాక అన్నా మరియా కరూబా అనే ఆవిడ చూస్తే ఇది మొత్తం ఒకే పోతలో పోసిన కంచు, పాతకాలం వాళ్ళు పెద్ద విగ్రహాల్ని ముక్కలుగా పోసి అతికేవాళ్ళు, కాబట్టి ఇది మధ్యయుగాలదే అని 2006లో పుస్తకం వేసింది. తర్వాత లోపల మిగిలిన అచ్చు మట్టికి కార్బన్ టెస్టులు చేస్తే 11, 12 శతాబ్దాల లెక్క వచ్చింది. ఒప్పుకోని వాళ్ళు ఇంకా ఉన్నారు. మాస్టారుని అడిగితే భుజాలెగరేసి, సర్వీసంతా ఎట్రుస్కన్ అనే చెప్పాను, ఇప్పుడు ఎవరికి మార్కులు తగ్గించమంటారు అన్నాడు. ఆ మాటకి మా ఆయన కూడా నవ్వేశారు, అప్పటిదాకా బెంచీ కోసం వెతుకుతున్న మనిషి.

పైన రెండో అంతస్తులో రూబెన్స్ అనే పాతకాలపు చిత్రకారుడి పెయింటింగ్ ఉంది, ఇదే కథ, 1615 ప్రాంతంలో వేసింది. అక్కడ తోడేలు నేల మీద పడుకుని ఉంది, పురుట్లో ఉన్న ఆవిడలాగా, ఒక వడ్రంగిపిట్ట పిల్లలకి చెర్రీ పళ్ళు తెస్తుంటుంది. ముచ్చటగానే ఉంది. కానీ కింది దాన్ని చూసొచ్చిన కళ్ళకి ఇది మరీ పెంపుడు జంతువులా అనిపించింది, నా మటుకు నాకు ఆ బిగుసుకున్నదే నచ్చింది.

మనకి గుళ్ళల్లో సింహం ఉంది, నంది ఉంది, కాలభైరవుడికి కుక్క, యముడికి దున్నపోతు, శనికి కాకి కూడా ఉంది, పాపం తోడేలుకే ఎవరూ ఉద్యోగం ఇచ్చినట్టు లేరు. నాన్నా పులి కథలో కూడా ఈసపు గారు పెట్టింది తోడేలునే, మన దగ్గరికొచ్చేసరికి పులి ఆ ఛాన్స్ కొట్టేసింది. రోమ్‌లో దీనికి రివర్స్ జరిగింది! మ్యూజియం బయట చౌకులో మెట్ల దగ్గర రెండు నదీదేవతల విగ్రహాలు పడుకుని ఉంటాయి, ఒకటి నైలు, ఒకటి టైబర్. ఆ టైబర్ ముందు టైగ్రిస్ నది, చేతి కింద పులి ఉండేది, 16వ శతాబ్దంలో పులిని తోడేలుగా మార్చి కవల పిల్లల్ని చేర్చి నదికి పేరు మార్చేశారు. అది తెలిసి దగ్గరికెళ్ళి చూశా, పులి ఆనవాలు ఎక్కడైనా మిగిలిందేమో అని. నా కళ్ళకైతే ఆనలేదు.

రాత్రి ఫోటోలు వాట్సాప్‌లో పెడితే సిన్సినాటిలో ఉన్న మా పిన్ని కొడుకు, అక్కా మా ఊళ్ళో కూడా ఉండేది ఇది అని మెసేజ్. ముస్సోలినీ కాలంలో ఇటలీ పంపిన కాపీ, ఈడెన్ పార్కులో ఉండేదట. 2022లో ఎవరో తోడేలుని పాదాల దగ్గర కోసి ఎత్తుకుపోయారు, పిల్లలిద్దర్నీ అక్కడే వదిలేసి. ఇక్కడ పిల్లలు తర్వాత వచ్చి చేరితే అక్కడ తల్లి పోయింది.

మర్నాడు స్టేషన్ దగ్గర కొట్లో రెసిన్ తోడేళ్ళు పన్నెండు యూరోలన్నాడు, అన్నీ నవ్వుతున్నాయి, చెవులు వాలిపోయి అచ్చం ల్యాబ్రడార్లే. "తోక చూడు, చుట్టుకుని ఉంది, ఇది కుక్క" అని మా ఆయన ఆ షాపువాడికి ఛాతీ, పాదాలు, తల ఎలా దించాలి అన్నీ తెలుగులోనే వివరించి మరీ బయటికొచ్చారు, ట్రైన్ ఇంకో పదినిమిషాల్లో ఉండగా.